తీరిక పనేనా?

మా మలికిపురం వాళ్లకి సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురమే. ఏటికి ఇవతలా అవతలా ఆడవాళ్ల చేతుల్లో అదే లేసు సూది, అదే దారపు ఉండ. వాళ్ల గురించి జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ రాసిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో అచ్చయింది. నేను చదివింది మాత్రం ఈమధ్యనే.

లేసు అల్లే మనిషిని ఊరంతా ఇల్లాలనే అంటుంది, ఆమే అలాగే చెప్పుకుంటుంది. ఆ మాట చాటునే కూలి చిక్కిపోతుందంటారావిడ. పువ్వులు అల్లేది ఒకరు, అతికేది మరొకరు, బేరం మగవాళ్లది. చదువుతుంటే సిగ్గేసింది. మా అమ్మ అల్లికని 'కాలక్షేపం' అని చుట్టాలతో నేనూ అన్నదాన్నే. ఆ కాలక్షేపంతోనే కదండీ నా పరీక్ష ఫీజు కట్టింది!

ఒక్కచోట నాకు పేచీ. ఆవిడ చూపు కూలి లెక్క మీద ఉన్నంతగా అల్లిక మీద లేదు. మిగిలిన దారంతో అమ్మ రేడియో మీదికి గుడ్డ అల్లుకునేది. పువ్వు నచ్చకపోతే రాత్రి పదింటికైనా విప్పేసేది. బేరానికిచ్చే లేసుని అలా విప్పుకునే వీలెక్కడిది? పుస్తకంలో ఈ తేడా కూడా ఉంటే ఇంకా నిండుగా ఉండేది.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. మొన్న పక్కింటావిడని టేబుల్ గుడ్డ ఖరీదు అడిగితే, "తీరిగ్గా అల్లిందే లెండి, మీకు తోచింది ఇవ్వండి" అంది. కూర్చోబెట్టి రోజులు లెక్కపెట్టించాను. పదకొండు.