ఒంటితో నవ్వించినోళ్ళు

మొన్న సంక్రాంతికి విడపనకల్లు పోయినప్పుడు ఇంట్లో ముగ్గురం కూర్చుని 'పుష్పక విమానం' చూశాం. మా అవ్వ, మా అక్క కొడుకు, నేను. ఈ ముగ్గురికీ కలిపి ఒక భాష లేదు. గుంతకల్లుకీ బళ్ళారికీ మధ్య ఊరు కాబట్టి అవ్వకి తెలుగు ఎక్కడ అయిపోతుందో కన్నడం ఎక్కడ మొదలవుతుందో పట్టింపు లేదు. బెంగళూరులో పుట్టిన ఏడేళ్ళ వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. వాడికీ అవ్వకీ మధ్య నేను అనువాదకుణ్ణి. అది విసుగొచ్చే ఈ సినిమా పెట్టాను.

పది నిమిషాలకి అవ్వ అడిగింది: "సౌండు వస్తాండ్లా ఏమప్పా?"

"వస్తాంది అవ్వా. ఇందులో మాటలు లేవు, అంతే."

"మాటల్లేకుంటే ఎట్లా చూసేది?"

చూసింది. చివరిదాకా కదల్లేదు. ముగ్గురం నవ్వాం, కానీ ముగ్గురం ఒకే చోట నవ్వలేదు. ఈ వ్యాసం దాని గురించే.

సింగీతం శ్రీనివాసరావు 1987లో తీసిన ఈ సినిమాని సైలెంట్ సినిమా అనడం తప్పు. ఇందులో లేనిది డైలాగు మాత్రమే, శబ్దం బోలెడంత ఉంది. నిరుద్యోగి కమల్‌హాసన్ ఉండే లాడ్జి పక్కనే సినిమా హాలు. రాత్రంతా ఫైటింగుల చప్పుడు. అతను స్టార్ హోటల్లోకి చేరాక ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. మళ్ళీ పాత చోటికే పోయి ఆ రణగొణధ్వనిని టేపు చేసుకొచ్చి, పెట్టుకుని, హాయిగా పడుకుంటాడు. పేదరికం ఒంటికి అలవాటవడం గురించి ఇంతకన్నా బాగా చెప్పిన డైలాగు మన సినిమాల్లో నాకు గుర్తు లేదు. సంతోషం ఏమిటంటే, ఇది డైలాగు కాదు.

ఆ గదిలో అసలు ఉండాల్సిన ధనవంతుణ్ణి తన లాడ్జి గదిలో కట్టేసి ఉంచాడు కదా హీరో, మరి ఆయన కాలకృత్యాల సంగతి? దాన్ని రోజూ అందమైన గిఫ్టు ప్యాకెట్‌గా చుట్టి బయట వదిలేసి వస్తుంటాడు. ఏడేళ్ళవాడు ఆ సీను దగ్గర సోఫా మీంచి కింద పడ్డాడు. మా అవ్వ మూతి ముడిచింది. అవ్వ నవ్వింది బిచ్చగాడి దగ్గర. పి.ఎల్. నారాయణ వేసిన పాత్ర. జేబులో ఉన్న కాస్త డబ్బు చూపించి హీరో గొప్పపోతే, బిచ్చగాడు అంతకు మించి తీసి చూపిస్తాడు. అవ్వ పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. తర్వాత అదే బిచ్చగాడు చచ్చిపోతే, జనం శవాన్ని వదిలేసి నోట్ల మీద పడతారు. అప్పుడు నవ్వలేదు. పిల్లవాడు మాత్రం ఆ తోపులాట చూసి నవ్వబోయి, అవ్వ మొహం చూసి ఆగిపోయాడు. నాకు ఆ సాయంత్రం మొత్తంలో మిగిలిన క్షణం అదే. ఎవరూ వాడికి ఏమీ అనువాదం చేయలేదు.

ఈ సినిమాకి ఆ ఏడాది జాతీయ అవార్డు వచ్చింది. ఏ కేటగిరీలో? సంపూర్ణ వినోదం అందించే ఉత్తమ ప్రజాదరణ చిత్రం. అంటే, సర్కారు వారి భాషలో 'కుటుంబమంతా కూర్చుని చూడదగ్గది'. మలం గిఫ్టు ప్యాకెట్టూ, శవం మీద దోపిడీ, మంచుతో చేసిన కత్తులతో హత్య చేయడానికి తిరిగే టినూ ఆనంద్, ఇవన్నీ ఉన్న సినిమా. ఆ జ్యూరీ పుణ్యమా అని, కుటుంబం అనే మాటకి నిర్వచనం కాస్త వెడల్పయింది.

ఇప్పుడు నగరాల్లో 'ఫ్యామిలీ ఆడియన్స్ కోసం' అని బోర్డు పెట్టి వచ్చే మాటల్లేని ప్రదర్శనలకి ఆ వెడల్పు ఉందా అన్నది నా అనుమానం. క్లౌన్లు, సర్కస్ విద్యలు, మైమ్ కలిపిన నాటకాలు. ప్రపంచంలో ఈ రకానికి పెద్ద పేర్లున్నాయి. రష్యన్ క్లౌన్ స్లావా పోలూనిన్ 1993లో మొదలుపెట్టిన 'స్నోషో' ఇంకా ఊళ్ళు తిరుగుతూనే ఉంది. కెనడాలోని క్యూబెక్‌లో 1984లో పుట్టిన సర్క్ డు సొలేయ్ ఒక పెద్ద పరిశ్రమ. మన దగ్గరికొస్తే బెంగళూరు రంగశంకర పిల్లల కోసం 'ఆహా' అని నాటకోత్సవం పెడుతుంది. హైదరాబాదులో అడపాదడపా ఏవో వస్తుంటాయి. వీటిలో మంచివి ఉన్నాయి. కాదనను. కానీ చాలావాటిలో నవ్వుకి పదును ఉండదు. బుడగలు, రంగు కాగితాలు, ప్రేక్షకుల్లోంచి ఒక నాన్నని స్టేజీ మీదకి లాగి ఆయన పొట్ట మీద ఒక జోకు. పిల్లలు నవ్వుతారు. పిల్లలు దేనికైనా నవ్వుతారు, అది పెద్ద పరీక్ష కాదు.

మాటల్లేని నాటకం మనకి బయట నుంచి రావాల్సినంత కొత్త ఎందుకైంది? దీనికి సమాధానం మా అవ్వ ఊరికి దగ్గర్లోనే ఉంది. ఆధునిక తెలుగు నాటకం ఊపిరి పోసుకున్న చోట్లలో బళ్ళారి ఒకటి. ఆంధ్ర నాటక పితామహుడని పిలుచుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) అక్కడి వాడు. కోలాచలం శ్రీనివాసరావు అక్కడి వాడు. తాడిపత్రిలో పుట్టిన రాఘవ బళ్ళారి రాఘవ అయింది అక్కడే. ఇంత గొప్ప సంప్రదాయానికి కేంద్రం నోరు. పద్యం, రాగం, వన్స్‌మోర్. నటుడు నిలబడి పాడితే చాలు, కాళ్ళు ఎక్కడున్నాయో ఎవరికీ పట్టదు. రాఘవ ఆ రాగాల మోత తగ్గించి నటన వైపు లాగాడని అందుకే ఇప్పటికీ ప్రత్యేకంగా చెప్పుకుంటాం.

మరి కాళ్ళూ చేతులూ ఎటు పోయాయి? వీధిలోకి. స్టేజీ ఎక్కనివ్వని కులాల్లోకి.

కరువు నేల ఇది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేదు. అయినా పంట చేతికొచ్చిన ఏడాది గడ పాతి, తాడు కట్టి, డోలు కొట్టుకుంటూ దొమ్మరోళ్ళు వచ్చేవాళ్ళని అవ్వ చెప్తుంది. తాడు మీద పాప నడుస్తుంటే కింద మట్టిలో ఒకడు అదే నడక నడిచి, ఏమీ లేని నేల మీద జారి పడేవాడట. "పైన పాప పడదు, కింద నా బట్ట పడతాడు. నగలేక సచ్చేది మేము" అంటుంది. అవ్వకి తెలీకుండానే క్లౌనింగ్ మీద ఒక పాఠం చెప్పింది. ప్రాణాపాయం పైన, నవ్వు కింద. పై దాని భయం లేకపోతే కింది దానికి నవ్వు రాదు. యూరప్ సర్కస్ క్లౌన్ చేసే పనీ సరిగ్గా ఇదే, తాడు మీద ఆరితేరిన వాణ్ణి నేల మీద అనుకరించి ఓడిపోవడం.

కానీ మన భాష ఆ పనికి పెట్టిన పేర్లు చూడండి. 'దొమ్మరి వేషాలు' అంటే తిట్టు. 'పగటివేషగాడు' అంటే మోసగాడు. 'కోతి గంతులు', 'సర్కస్ ఫీట్లు', 'తోలుబొమ్మ', 'కేతిగాడు'. ఒంటితో చేసే విద్యకి తెలుగులో మెచ్చుకోలు మాట వెతికితే దొరకడం కష్టం, తిట్లు మాత్రం కావలసినన్ని. దొమ్మర అనే పేరే తిట్టుగా మారింది కనకనే ఆ కులం వాళ్ళు ఇప్పుడు తమని గడవంశీయులని పిలవమంటున్నారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకుంటే కలియుగ భీముడన్నాం. బలం చూపిస్తే భీముడు. అదే ఒళ్ళు జారి పడి నవ్విస్తే దొమ్మరి.

సర్క్ డు సొలేయ్ పెట్టింది కూడా వీధిగాళ్ళే. గీ లాలిబెర్తే పొయ్‌కాళ్ళ మీద నడిచీ, నోట్లోంచి మంట ఊదీ బతికిన మనిషి. ఆ కంపెనీ 2018 నవంబరులో ముంబైలో డేరా వేసింది. అదే ఏడాది ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు బిచ్చమెత్తడాన్ని నేరంగా చూసే చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లని కొట్టేసింది. 1959 నాటి ఆ బొంబాయి చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో పాడటం, ఆడటం, ప్రదర్శనలివ్వడం పేరుతో డబ్బు అడిగినా అది బిచ్చమే. అంటే తాడు అదే, నడకా అదే. టికెట్టు చింపితే సర్కస్, దుప్పటి పరిస్తే భిక్షాటన. 'పుష్పక విమానం'లో బిచ్చగాణ్ణి చూసి అవ్వ ఎందుకంత నవ్విందో, తర్వాత ఎందుకు మౌనంగా అయిపోయిందో నాకు ఇక్కడ కొంచెం అర్థమవుతుంది.

ఇదంతా చెప్పి పాతదంతా బంగారమనే ఉద్దేశం నాకు లేదు. తాడు మీద నడిచింది పాప అని మర్చిపోవద్దు. బడికి పోవాల్సిన వయసు. సర్కసుల్లో పిల్లలతో పని చేయించకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. ఆ తీర్పు సరైనదే. డేరాలు ఖాళీ అయ్యాయని బాధపడేవాళ్ళు ఆ పిల్లల వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి.

ఒళ్ళు ఎవరిది, నవ్వు ఎవరిది అన్న ప్రశ్న సింగీతం తర్వాతి సినిమాలో ఇంకా ఇబ్బందిగా ఎదురవుతుంది. 1989 నాటి 'విచిత్ర సోదరులు'. సర్కస్ క్లౌన్ అప్పుగా కమల్. పొట్టివాడిగా ఎలా కనిపించాడన్న కుతూహలం సినిమానే మింగేసింది. ఇప్పటికీ యూట్యూబులో దాని మీదే చర్చ. కానీ సినిమా ప్రాణం వేరే సీనులో ఉంది. తను ప్రేమించిన అమ్మాయి రిజిస్ట్రారు ఆఫీసుకి రమ్మంటే పెళ్ళికొడుకుగా తయారై పోతాడు. ఆమె పిలిచింది సాక్షి సంతకానికి. అంతవరకు అతని ఒంటిని చూసి నవ్విన మనం ఎక్కడ ఆగాలో తెలీక ఇబ్బంది పడతాం. గొప్ప సీను. అయితే అతని చుట్టూ పాటలో గెంతే నిజమైన పొట్టి కళాకారుల్లో ఒక్కరికీ అలాంటి సీను దొరకదు. మోకాళ్ళు మడిచిన స్టారుకి విషాదం, నిజంగా పొట్టిగా పుట్టినవాళ్ళకి గుంపులో స్టెప్పులు. చాప్లిన్ 'ది సర్కస్' (1928)లో ట్రాంప్ నవ్వించాలని ప్రయత్నిస్తే ఎవరూ నవ్వరు, తనకి తెలీకుండా చేస్తే జనం విరగబడి నవ్వుతారు. ఆ సంగతి దాచిపెట్టి యజమాని కూలి డబ్బులకే ఆడిస్తాడు. నవ్వు వెనక జీతం లెక్క ఉందని చాప్లిన్ గుర్తుపెట్టుకున్నాడు. సింగీతం ఒక సినిమాలో గుర్తుపెట్టుకుని, ఇంకో సినిమాలో సగం మర్చిపోయాడని నాకనిపిస్తుంది.

ఇక కుటుంబ ప్రేక్షకుల విషయం. మా వైపు తోలుబొమ్మలాట చూడ్డానికి పిల్లలూ, ముసలివాళ్ళూ, చంటిబిడ్డలతో తల్లులూ అందరూ వచ్చేవాళ్ళు, రాత్రంతా. వాన కోసం విరాటపర్వం ఆడించేవాళ్ళు. రామాయణ భారతాల మధ్యలో, వాటితో ఏ సంబంధమూ లేని బంగారక్క, జుట్టు పోలిగాడు, కేతిగాడు దూకేవాళ్ళు. వాళ్ళ బూతుని తెర మీద మాటలు ఎంత మోసేవో, విరిగిపోయేలా ఊగే మెడా, కాళ్ళూ, నడుమూ అంతకన్నా ఎక్కువ మోసేవి. తెర వెనక ఆడించేవాళ్ళు కాలి కింద చెక్కపలకలు పెట్టుకుని, దెబ్బ పడిన ప్రతిసారీ టకాటకా తొక్కుతారు. ఇంగ్లీషులో స్లాప్‌స్టిక్ అనే మాట కూడా దెబ్బ చప్పుడు కోసం రెండు చెక్కలు కలిపి చేసిన కర్ర నుంచే వచ్చింది. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది కాదు. దెబ్బకన్నా చప్పుడు ముందు నవ్విస్తుందని ఇద్దరికీ తెలిసింది. పైగా ఆడించే కుటుంబాలు ఇంట్లో మరాఠీ కలిసిన భాష మాట్లాడి, తెర మీద తెలుగు మాట్లాడేవి. నోటికన్నా చేతిని నమ్ముకోవడం వాళ్ళకి అవసరం కూడా.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు. దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఆట తగ్గి ల్యాంప్‌షేడ్లు పెరిగాయి. నగరాల ఇళ్ళల్లో నేను చూసిన షేడ్ల మీద రాముడున్నాడు, హనుమంతుడున్నాడు, నెమళ్ళున్నాయి. బంగారక్క ఒక్కచోటా కనపడలేదు. డ్రాయింగు రూములో వెలిగించడానికి ఆవిడ పనికిరాదు మరి. అదీ 'ఫ్యామిలీ'కి మనం ఇస్తున్న అర్థం.

అన్నట్టు, తెలుగువాళ్ళు మాటల్లేని హాస్యాన్ని మర్చిపోయారనీ అనలేం. రోజుకి ఎన్ని బ్రహ్మానందం మీమ్‌లు పంపుకుంటున్నాం? డైలాగు తీసేసి మొహం మాత్రం పంపుతాం. మన మైమ్ థియేటర్ ప్రస్తుతం వాట్సాప్‌లో నడుస్తోంది. కాకపోతే అక్కడ ప్రతివాడూ ఒంటరిగా నవ్వుతాడు. పక్కన అవ్వ ఉండదు, ఆమె మొహం చూసి ఆగిపోయే అవకాశమూ ఉండదు.

సినిమా చివర్లో హోటలు ఖాళీ చేసి వెళ్ళిపోతూ అమల తన అడ్రసు రాసిన చీటీని గులాబీకి చుట్టి విసురుతుంది. గాలికి చీటీ ఎగిరి మురుగు కాలవలో పడిపోతుంది. పువ్వొక్కటే మిగులుతుంది అతని చేతిలో. మళ్ళీ ఉద్యోగాల క్యూ.

అవ్వ చాలాసేపు తెర వైపే చూసింది. పేర్లు పడుతున్నాయి.

"చీటీ ఎవరన్నా ఎత్తియ్యగూడదా?" అంది.

పిల్లవాడు నా వైపు తిరగలేదు. అవ్వ వైపే చూసి, రెండు చేతులూ నీళ్ళల్లా కదిలించి, చీటీ కొట్టుకుపోయిందని చూపించాడు.