గాజులు తీసిన చేతులు

దసరాకు రావలసిన చుట్టానివి, ఆషాఢంలోనే దిగావు. ఉయ్యాల గొలుసులు చింతపండు పెట్టి తోమించనే లేదు. పొత్తిళ్లకని దాచిన మా అమ్మ నేతచీరలు ఇంకా ట్రంకుపెట్టె అడుగునే ఉన్నాయి. ఉగ్గుగిన్నె ఎక్కడ పెట్టానో నాకే గుర్తులేదు. మీ అమ్మ సీమంతానికని కొన్న ఆకుపచ్చ గాజులు రెండు డజన్లు, కొట్టతను చుట్టిచ్చిన కాగితంలోనే బీరువాలో నిద్రపోతున్నాయి. శూన్యమాసంలో వద్దు, తొమ్మిదో నెల పడగానే శ్రావణంలో మంచిరోజు చూసి తొడుగుదాం అన్నది నేనే.

నువ్వు మంచిరోజు చూసుకోలేదు తల్లీ. మబ్బు పట్టిన ఒక తెల్లవారుజామున, 29 వారాలకే, 1,080 గ్రాముల బరువుతో, ఏడుపని కూడా అనలేని ఒక పిల్లికూన సవ్వడితో ఈ లోకంలోకి జారావు. కూరల బండి మీద ఓ మోస్తరు సొరకాయ నీకన్నా ఎక్కువ తూగుతుంది. ఆ పోలిక నాకు తట్టకుండా ఉండాల్సింది. తట్టింది. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతి వస్తువూ నాకు తూకంగానే కనిపిస్తోంది. పంచదార పొట్లం, నెయ్యి సీసా, మీ తాతయ్య చదివి పడేసిన పేపర్ల కట్ట. కిలో అన్న మాట వింటే గుండె జారుతోంది.

నీ గది తలుపు పక్కన స్టీలు సింకు ఉంది. లోపలికి వెళ్లే ముందు మోచేతుల దాకా సబ్బు రాసి, వేళ్ల సందులు, గోళ్ల మూలలు తోముకోవాలి. ఉంగరం ఉండకూడదు, వాచీ ఉండకూడదు, మొక్కు దారం ఉండకూడదు. "గాజులు కూడా తీసేయాలమ్మా" అంది నర్సమ్మ, తన కూతురి వయసున్న పిల్లకు చెప్పినంత మెల్లగా. ముప్పై ఆరేళ్ల కాపురంలో పాత గాజు పగిలితే కొత్తది తొడిగిన తరువాతే మిగతావి తీసిన చేతులివి. ముత్తయిదువ వట్టి చేతులతో ఉండకూడదని అమ్మ నేర్పిన చేతులు. సబ్బు నురగతో ఒక్కొక్కటే జార్చాను. పన్నెండు గాజులు. పగలకుండా తీసి చీర కొంగులో మూట కట్టుకున్నాను. అద్దంలో బోసి చేతులు చూసుకుని భయపడ్డాను. ఎవరికి అశుభం? బయట మీ తాతయ్యకా, లోపల నీకా? ఇద్దరిలో ఎవరి ప్రాణం కోసం ఎవరి మంగళం తీసి పక్కన పెడుతున్నానో తెలియక ఆ తలుపు దగ్గర ఒక క్షణం నిలబడిపోయాను.

లోపల నువ్వు. గాజు పెట్టెలో, వెచ్చని గాలిలో, తామరాకు మీద నీటిబొట్టులా. ఎంత పల్చని చర్మం అంటే, పొట్ట మీద నీలి నరాలు వాన వెలిసిన మట్టిదారిలో నీటిచారల్లా కనిపిస్తున్నాయి. భుజాల మీద పిచ్చుక పిల్లకు ఉండేంత నూగు. నా చిటికెన వేలంత పాదం. నీ చెవిని ఒకసారి వేలి కొసతో తాకాను. అది మడత పడి అలాగే ఉండిపోయింది. వెనక్కి రాలేదు! హడలిపోయి నేనే మళ్లీ విప్పాను. చెవిలో మృదులాస్థి ఇంకా గట్టిపడలేదని, మరికొన్ని వారాలు లోపల ఉంటే ఆ పని జరిగేదని డాక్టరమ్మ చెప్పింది.

ఆ చెవి గురించే నా ఏడుపంతా. సీమంతానికి గాజులెందుకు వేస్తారో తెలుసా? కడుపులోని బిడ్డ వింటుందని. అన్నం వండుతుంటే గలగల, నీళ్లు తోడుతుంటే గలగల, నిద్రలో పక్కకు తిరిగితే గలగల. చీకట్లో ఉన్న పసిప్రాణానికి అమ్మ ఇక్కడే ఉందని చెప్పే చప్పుడు అది. పెద్దవాళ్లు లెక్క కట్టి చెప్పారో, ప్రేమతో ఊహించి చెప్పారో గానీ, ఏడో నెలకు బిడ్డకు చప్పుళ్లు వినిపిస్తాయన్నది నిజమేనట. నీకు వినికిడి వచ్చే వేళకు నువ్వు ఈ పెట్టెలో ఉన్నావు. గాజులు మోగాల్సిన చెవిలో మానిటరు కూస్తోంది. లాలిపాట బదులు గాలి మిషను బుసకొడుతోంది. నీ దగ్గరకు వచ్చే ఆడవాళ్లందరివీ బోసి చేతులే. మా చేతులు మాట్లాడలేవు తల్లీ, మమ్మల్ని మూగవాళ్లను చేసి లోపలికి పంపుతున్నారు.

మీ అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని నేనేం తప్పు చేశానమ్మా అంటుంది. తప్పెవరిది? కాళ్లు వాచాయి, చేతులు ఉబ్బాయి, మొహం నిండుగా అయింది. "ఈ లెక్కన గాజుల సైజు మార్చాల్సిందే" అని నేనే నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు. మరునాడు తల పగిలిపోతోందంటే తీసుకెళ్లాం. బీపీ 170/110. మా నాయనమ్మ కాలంలో ఇది ముదిరి ఫిట్సు వస్తే గుర్రపు వాతం అనేవారు. ఊళ్లో ఆ మాట గొంతు తగ్గించి పలికేవారు. పరామర్శకు వచ్చినవాళ్లు బొప్పాయి తిందా, మెట్లెక్కిందా, గ్రహణం నాడు కత్తి పట్టిందా అని అడిగారు. వాళ్లందరినీ పేరుపేరునా కసురుకున్నాను. జబ్బు మొదలయ్యేది మాయలోనట. బిడ్డకు అన్నం పెట్టే మాయ నాటుకునేటప్పుడే, అక్కడి రక్తనాళాలు విచ్చుకోవలసినంత విచ్చుకోవు. ఆ కొరత నెలల తరబడి దాగి ఉండి ఒకనాడు తల్లి మీద పడుతుంది. దానికి మాయ అని పేరు పెట్టినవాళ్లకు ఎంత తెలుసో!

మాయ బయటికొస్తే తప్ప తల్లి దక్కదన్నారు. అయినా రెండు రోజులు ఆపగలిగారు. ఆ రెండు రోజుల్లో నీ ఊపిరితిత్తులు తొందరగా పండటానికి మీ అమ్మకు సూదులు వేశారు. ఆ సూది వెనుక న్యూజిలాండ్ గొర్రె ఒకటుంది. పురుడు ఎలా మొదలవుతుందో తెలుసుకోవాలని లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రె కడుపులోని పిల్లలకు అలాంటి మందిచ్చి చూస్తుంటే, బతకకూడనంత ముందుగా పుట్టిన పిల్ల ఒకటి ఊపిరి తీస్తూ కనిపించిందట. ఆయన, హోవీ అనే మరో డాక్టరు కలిసి 1972లో మనుషుల విషయంలోనూ అది నిజమని చూపించారు. పుట్టాక నీ గొంతులోకి గొట్టం దించి తెల్లటి మందు పోశారు. ఊపిరితిత్తుల గాలితిత్తుల గోడలు ఒకదానికొకటి అంటుకోకుండా చూసే పూత అది. నీకు ఇంకా సరిపడా తయారు కాలేదు. దాన్ని ఆవు ఊపిరితిత్తుల నుంచి తీస్తారని తెలిసి మీ తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, ఎటు తిరగాలో తెలియక, కిటికీ వైపు తిరిగి దండం పెట్టారు.

అదే పూత లేక 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు పోయాడు. అయిదున్నర వారాలే ముందు పుట్టాడు. నీకు దాదాపు రెండింతలు బరువు. 39 గంటలు బతికాడు. అంత రాజ్యం ఉండి బిడ్డకు ఒక గుటక గాలి కొనలేకపోయాడు తండ్రి. ఆ సంగతి నాకు ధైర్యమో భయమో తేల్చుకోలేకపోయాను.

నువ్వు ఊపిరి మరిచిపోతావు. ఆ మాట నాకు మొదట అర్థం కాలేదు. నిద్రలో ఉన్నట్టే ఉంటావు, పొట్ట కదలడం ఆగుతుంది, పెదవుల చుట్టూ నీలం కమ్ముతుంది, మిషను కూస్తుంది. నర్సమ్మ పరుగెత్తదు. వచ్చి నీ అరికాలి మీద వేలితో రెండుసార్లు మీటుతుంది, వీణ తీగ సరిచూసినట్టు. నువ్వు ఉలిక్కిపడి, అయ్యో మరిచానే అన్నట్టు మళ్లీ ఊపిరి తీస్తావు. ఈ మతిమరుపుకు రోజూ కెఫీన్ చుక్కలు పోస్తారు. కాఫీలో ఉండేదేనట. పొద్దున్నే డికాక్షన్ వాసన లేనిదే కళ్లు తెరవని ఇంట్లో పుట్టావు మరి. నెల తిరగకుండానే వంశాచారం పట్టావని మీ తాతయ్య అన్నారు. అన్నాళ్లకు అదే మొదటి నవ్వు. నవ్వి, వెంటనే ఇద్దరం దిష్టి తగులుతుందని నాలుక కరుచుకున్నాం.

మొదటి వారం నువ్వు తరిగావు. 1,080 కాస్తా 970 అయింది. చీటీ మీద ఆ అంకె చూసి మీ నాన్న మెట్ల మీద కూలబడ్డాడు. అందరు పిల్లలూ మొదట తగ్గుతారని చెప్పినా, తగ్గడానికి నీ దగ్గర ఏముందని? రెండు గంటలకొకసారి మీ అమ్మ పిండిన ముర్రుపాలు, రెండు మిల్లీలీటర్లు, ముక్కులోని గొట్టం గుండా. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక లయలో కుదరడానికి 34 వారాలు రావాలట. రాత్రి రెండింటికి మీ అమ్మ కుట్ల నొప్పితో లేచి కూర్చుని పిండుతుంది. సీసా అడుగున పసుపురంగు చెమ్మ. దాన్ని దీపం కుందిలా రెండు చేతుల మధ్య దాచుకుని నేను వరండా దాటుతాను.

ఆ వరండా ఒక ఊరు. తెనాలి వైపు నుంచి ఒకరు, తిరువూరు నుంచి ఒకరు, ఫ్లాస్కులు, దుప్పట్లు, తాకట్టు చీటీలు. 2020లో లోకమంతా కలిపి 1 కోటి 34 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారని, అందులో ఇంచుమించు 30 లక్షలు మన దేశంలోనేనని ఎక్కడో చదివాను. అంతమంది అమ్మమ్మలు ఇలా గోడకు ఆనుకుని కూర్చున్నారన్నమాట. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలదే బతకదు అని ఒకావిడ ధైర్యం చెప్పింది. తప్పు మాట. కడుపులో ఒక్కో వారం గడిచేకొద్దీ బలమే గానీ, ఎనిమిదో నెలకు వేరే శాపం లేదు. పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు అది తెలుసు. తెలిసీ ఆ రాత్రంతా ఆ తప్పునే పట్టుకుని పడుకున్నాను.

ఒక తెల్లవారుజామున మా పక్క దుప్పటి ఖాళీ అయింది. ఆ బిడ్డ తండ్రి తువ్వాలు చుట్టిన చిన్న మూటను గుండెకు హత్తుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. ఆ తల్లి గాజులు సింకు గట్టు మీదే ఉండిపోయాయి.

మీ ముత్తమ్మమ్మ, తొంభై ఏళ్ల మనిషి, ఊరి నుంచి ఫోను చేసి "దానికి పెంటమ్మ అని పేరు పెట్టండే" అంది. పూర్వం పిల్లలు దక్కని ఇళ్లలో బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చి, ఎవరికీ అక్కరలేనిదని యముడు నమ్మేలా పెంటయ్య, పెంటమ్మ అని పిలిచేవారు. ఒకప్పుడు క్లాసులో దీన్ని మూఢనమ్మకం అని చెప్పాను. ఇప్పుడు నీ పెట్టె మీద అంటించిన చీటీ చూస్తే ఫలానా ఆవిడ బేబీ అని మాత్రమే ఉంది. పదకొండో రోజు పురుడు లేదు, ఇరవై ఒకటో రోజు బారసాల లేదు, బియ్యంలో పేరు రాయలేదు. మీ నాన్న ఫోనులో ఒక పేరు దాచుకున్నాడు. నాకు చూపించలేదు. అడగలేదు. పేరు పెడితే పిలవాలనిపిస్తుంది, పిలిస్తే పలకాలనిపిస్తుంది. మిఠాయి పంచాలా వద్దా తెలియక ఇల్లంతా నోరు కట్టుకుని ఉంది.

ప్రాణం నిలబెట్టిన ఆక్సిజనే కంటి వెనుక పొరను చెడగొట్టవచ్చట. నాలుగో వారం కళ్ల పరీక్షకు నీ రెప్పలు విప్పి పట్టుకున్నప్పుడు గది బయట నేను చెవులు మూసుకున్నాను. ఒక్కటి మాత్రం గుర్తుంది. ఆ రోజు నీ ఏడుపు తలుపు దాటి వినిపించింది. కళ్లు బాగున్నాయన్నారు, మళ్లీ రెండు వారాలకు చూస్తామన్నారు.

ఆ తరువాతే కంగారూ కేర్ మొదలుపెట్టారు. 1978 ప్రాంతంలో కొలంబియాలోని బొగోటాలో, పెట్టెలు చాలక, బిడ్డలను తల్లుల గుండెల మీదే కట్టి వెచ్చబెట్టారట. ఫోనులో చెబితే మీ ముత్తమ్మమ్మ "మనకున్న కంగారు చాలదా, దానికి వేరే కేరెందుకు" అంది. పగలు మీ అమ్మ, సాయంత్రం మీ నాన్న, రాత్రి కొంతసేపు నేను. జాకెట్టు గుండీలు విప్పి, నీ వట్టి ఒంటిని నా వట్టి గుండె మీద పడుకోబెట్టి, పైన గుడ్డ చుట్టి కడతారు. అరవై ఏళ్ల ఎండిన రొమ్ము మీద కప్పపిల్లలా కాళ్లు ముడుచుకుని అతుక్కుపోతావు. నేను ఊపిరి తీస్తే నువ్వు లేస్తావు, వదిలితే దిగుతావు. నా ఊపిరి చూసి నీ ఊపిరి గుర్తు చేసుకుంటావని ఆశ. నేను మాత్రం మరిచిపోకుండా తీస్తున్నాను.

ఈ రాత్రి నువ్వు 1,640. వచ్చే వారం వినాయక చవితి. గొట్టం తీసి గోకర్ణంతో పాలు పడుతున్నారు. లైట్లు తగ్గించారు. వేలి కొసతో నీ చెవిని నెమ్మదిగా మడిచాను. టక్కున విచ్చుకుంది. మళ్లీ మడిచాను. మళ్లీ విచ్చుకుంది. తలుపు అవతల, సింకు దగ్గర, షిఫ్టు దిగిన పనావిడ ఎవరో గాజులు ఒక్కొక్కటే తొడుక్కుంటోంది. నీ కనుబొమలు రెండూ దగ్గరికొచ్చాయి.