విరిగిన షాఫ్టుతో మొదలయ్యే పాఠం

టాటానగర్‌లో ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. 1960లో ఆర్‌.ఐ.టి.గా మొదలై 2002లో ఎన్‌.ఐ.టి.గా మారిన కాలేజీ అక్కడే ఉంది. చుట్టూ విడిభాగాల ఫ్యాక్టరీలు. 1945లో రైలింజన్ల కోసం పుట్టి, 1954 నుంచి డైమ్లర్ బెంజ్ తోడ్పాటుతో లారీలు చేసిన టెల్కో ఇవతలి ఒడ్డున ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళకు ఈ ఊరు కొత్తేమీ కాదు. మెషిన్ డిజైన్ నేర్పడానికి ఇంత అనువైన ఊళ్ళు మన దేశంలో తక్కువ.

ఆ సబ్జెక్టును బాగా చెప్పే మాస్టర్లు సూత్రంతో మొదలుపెట్టరు. విరిగిన షాఫ్టును బల్లమీద పెడతారు. విరిగిన ముఖంమీద అలలు వదిలిన ఇసుక చారల్లాంటి గీతలు కనిపిస్తాయి. పగులు ఎక్కడ పుట్టిందో, ఎలా పాకిందో అవే చెబుతాయి. చాలాసార్లు అది వ్యాసం మారే మూలలోనో, కీవే అంచులోనో పుట్టి ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ ఇంజినీరు వోలర్ రైలు ఇరుసులమీద ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి తేల్చింది కూడా ఇదే: ఒక్కసారికి సులువుగా మోసే బరువే లక్షలసార్లు పడితే ఉక్కును విరిచేస్తుంది.

తర్వాత లెక్క. 40 మిల్లీమీటర్ల షాఫ్టు 48కి పెరిగే మూలలో ఫిల్లెట్ 0.8 మిల్లీమీటర్లే ఉంటే, వంగినప్పుడు అక్కడి ఒత్తిడి సుమారు 2.3 రెట్లవుతుంది. ఫిల్లెట్‌ను 3కు పెంచితే 1.7 రెట్లకు దిగుతుంది. అందరూ వెంటనే 3 అని రాసేస్తారు. అప్పుడు మాస్టారు 6208 బేరింగును చేతికిచ్చి ఎక్కించమంటారు. దాని లోపలి అంచు గుండ్రం కనీసం 1.1 మిల్లీమీటర్లేనని కేటలాగు చెబుతుంది. ఫిల్లెట్ అడ్డొచ్చి బేరింగు మెట్టుకు ఆనదు! ఇక గొడవ మొదలవుతుంది. మధ్యలో స్పేసర్ రింగు వేయాలా, మూలలో గాడి తీయాలా, వ్యాసమే పెంచాలా? వ్యాసం పదిశాతం పెంచితే ఒత్తిడి దాదాపు పాతికశాతం తగ్గుతుంది కానీ బేరింగు సైజు, బరువు, ఖర్చు అన్నీ మారతాయి. గాడి తీస్తే లేత్‌మీద పని పెరుగుతుంది, ఆ గాడే మళ్ళీ పగులుకు చోటు కావచ్చు.

నా దృష్టిలో డిజైన్ పాఠం అసలు మొదలయ్యేది ఈ వాదనలోనే. ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 2 అని పుస్తకంలో చూసి దింపిన విద్యార్థి లెక్క చేశాడు, అంతే. బరువు ఇంతేనని ఎందుకనుకున్నాడో, ఏ ఉక్కు ఎంచుకున్నాడో, విరిగితే ఎవరికి ప్రమాదమో కారణాలు రాసినవాడు డిజైన్ చేశాడు. డేటా బుక్కును పరీక్ష హాల్లోకి అనుమతించేది కూడా జ్ఞాపకశక్తిని కాక నిర్ణయాన్ని తూచడానికే. కానీ దిద్దేటప్పుడు చివరి అంకెకే మార్కులు వేస్తే ఆ ఉద్దేశం అక్కడే పోతుంది.

పాఠం చెప్పే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. సెమిస్టరుకు ఒక్క ప్రశ్నకైనా ఒకే జవాబు లేకుండా చూడండి. ఎంచుకున్న కారణానికి సగం మార్కులివ్వండి.