తటస్థీకరణ లెక్కల్లో తెలుగు వాక్యం: ఒక భాషా పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఆమ్ల క్షార తటస్థీకరణ చర్యల్లో పరిమాణాలను గణించడం తెలుగు మాధ్యమ రసాయనశాస్త్ర బోధనలో ముఖ్యభాగం. ఈ లెక్కల భాషపై విమర్శ తరచు పారిభాషిక పదాల దగ్గరే ఆగిపోతుంది. సమస్య పదంలో కంటే వాక్యంలో ఎక్కువగా ఉందని, నిష్పత్తిని స్పష్టంగా చెప్పగల సాధనాలు తెలుగు వ్యాకరణంలోనే ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తటస్థీకరణ, మోల్ నిష్పత్తి, పరిభాష, వాక్యనిర్మాణం, చొప్పున.

1. ఉపోద్ఘాతం

జర్మన్ రసాయనవేత్త యెరెమియాస్ బెంజమిన్ రిఖ్టర్ 1792లో ‘స్టాయికియోమెట్రీ’ అనే మాటను ప్రవేశపెట్టాడు. ఎంత ఆమ్లానికి ఎంత క్షారం సరిపోతుందన్న కొలతలు ఆయన కృషిలో ప్రధానమైనవి. ఆ మాట తెలుగు పాఠ్యపుస్తకాల్లో లిప్యంతరీకరణగానే నిలిచింది. అరువు మాట వల్ల విద్యార్థికి కలిగే నష్టం స్వల్పం; నిర్వచనం ఒకసారి నేర్చుకుంటే సరిపోతుంది. నిష్పత్తి వాక్యంలో నుంచి జారిపోతే మాత్రం లెక్కే తప్పుతుంది.

2. పదం తెచ్చే చిక్కు

‘తటస్థం’ అంటే తటంపై, అనగా ఒడ్డున నిలిచినది. ఏ పక్షానికీ చెందనిది. తటస్థీకరణ ముగిశాక ద్రావణానికి ఆమ్ల స్వభావం గాని క్షార స్వభావం గాని ఉండదన్న భావన ఈ మాట నుండి సులువుగా పుడుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్‌ల విషయంలో అది నిజమే. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి అదే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్‌ను సమాన ఘనపరిమాణంలో కలిపినప్పుడు కూడా రెండూ పరస్పరం సరిపోతాయి. కాని ఆ ద్రావణపు పి.హెచ్. విలువ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 8.7 ఉంటుంది.

‘బలం’ అనే పదమూ ఇలాంటిదే. ఎసిటిక్ ఆమ్లం బలహీనం కనుక దానికి తక్కువ క్షారం చాలునని అనిపిస్తుంది. నిజానికి బలం అయనీకరణకు, గాఢత పదార్థ పరిమాణానికి సంబంధించినవి. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 20 మి.లీ. తీసుకున్నా, ఎసిటిక్ ఆమ్లం అంతే తీసుకున్నా, అదే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ 20 మి.లీ. కావాలి. అయితే ఈ చిక్కులు తెలుగుకే ప్రత్యేకం కావు. ఆంగ్ల పదాలూ ఇదే భ్రాంతిని కలిగిస్తాయి.

3. వాక్యం దాచే నిష్పత్తి

వాడుకలో ఉన్న ధోరణిలో ఒక ప్రశ్నను ఇలా కూర్చవచ్చు: ‘0.1 మోలార్ గాఢత గల 20 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్ల ద్రావణాన్ని పూర్తిగా తటస్థీకరించడానికి కావలసిన 0.1 మోలార్ గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణపు ఘనపరిమాణం ఎంత?’

ఇందులో వ్యాకరణ దోషం లేదు. కాని విశేషణాలన్నీ నామాలకు ముందు పేరుకుపోవడంతో, అడిగినదేమిటో వాక్యాంతం వరకు తెలియదు. ‘0.1 మోలార్ గాఢత గల’ అన్న పదబంధం రెండుసార్లు రావడం ఆమ్ల క్షారాలు సరిసమానమన్న అభిప్రాయాన్ని బలపరుస్తుంది. గాఢత, ఘనపరిమాణాల లబ్ధాలను రెండువైపులా యాంత్రికంగా సమానం చేస్తే 20 మి.లీ. వస్తుంది. సరైన జవాబు 40 మి.లీ.

పూర్వపు నార్మాలిటీ పద్ధతిలో ఈ ప్రమాదం తక్కువ. 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని అక్కడ 0.2 నార్మల్ అని చెప్పేవారు. నిష్పత్తి ప్రమాణంలోనే ఇమిడి ఉండేది. 1971లో మోల్ అంతర్జాతీయ ప్రమాణాల్లో చేరింది. మోలారిటీతో లెక్కించేటప్పుడు నిష్పత్తిని సమీకరణం నుండి విడిగా గ్రహించాలి. ప్రమాణం వదిలిన ఆ బాధ్యతను బోధనా వాక్యం స్వీకరించలేదు.

4. తెలుగులో ఉన్న సాధనం

‘ఎకరాకు రెండు బస్తాల చొప్పున’, ‘మనిషికి రెండేసి’ వంటి ప్రయోగాలు నిష్పత్తిని చెప్పేవే. ఒక్కొక్క దానికి ఎంతెంత అన్న సంబంధాన్ని ‘చొప్పున’ అనే పదం, ‘ఏసి’ అనే ప్రత్యయం సూటిగా తెలుపుతాయి. పై లెక్క సాధనను వీటితో ఇలా రాయవచ్చు: ‘ఒక్కొక్క మోల్ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి రెండేసి మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. ఇక్కడ ఆమ్లం 2 మిల్లీమోల్‌లు ఉంది. ఆ చొప్పున క్షారం 4 మిల్లీమోల్‌లు కావాలి. 0.1 మోలార్ ద్రావణంలో అది 40 మి.లీ.లో లభిస్తుంది.’

నిష్పత్తిని ముందే చెబితే పరీక్షకు అర్థం ఉండదన్న ఆక్షేపణ రావచ్చు. ఈ సూచన ప్రశ్నకు కాదు, పాఠానికీ సాధనకూ సంబంధించినది. ప్రశ్నలో చేయవలసింది దీర్ఘవాక్యాన్ని విడదీయడమే: ఆమ్లం వివరం ఒక వాక్యంలో, క్షారం వివరం మరొక వాక్యంలో, అడిగినది చివరి వాక్యంలో ఉండాలి.

5. ముగింపు

శాస్త్ర పాఠ్యపుస్తకాల భాషా పరిష్కరణ పర్యాయపదాల ఎంపికకు పరిమితం కారాదు. లెక్కకు ఆధారమైన సంబంధాన్ని వాక్యం బయటపెడుతున్నదా, దాస్తున్నదా అన్నది కూడా పరిశీలించాలి. రసాయనశాస్త్ర అధ్యాపకులు సమీకరణాన్ని సరిచూసినట్లే, తెలుగు అధ్యాపకులు దానిని వివరించే వాక్యాన్ని సరిచూడాలి. అప్పుడే విద్యార్థి చేసిన తప్పు రసాయనశాస్త్రానిదో భాషదో వేరుచేసి చెప్పడం సాధ్యమవుతుంది.