ఎర్ర ‘ఎల్’ వెనక పనితనం

తెల్లటి నేల మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం. అట్ట మీద రాసినా, రేకు మీద రాసినా, బండికే రంగు వేసినా ఆ తెల్లటి నేల 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు. అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లు, గీత మందం 2, అడుగు గీత పొడవు 9. ఇవన్నీ కనీస కొలతలు. ముందొకటి, వెనకొకటి ఉండాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడోది చెప్పేది ఇదే. అవే నిబంధనలు కారు నంబరు ప్లేటు మీది అక్షరాలకు 6.5 సెంటీమీటర్ల ఎత్తు, ఒక సెంటీమీటరు మందం పెట్టాయి. అంటే నేర్చుకుంటున్నారన్న గుర్తు బండి నంబరు కన్నా ఒకటిన్నర రెట్లు ఎత్తుగా, రెండింతలు లావుగా ఉండాలన్నమాట. నంబరును బండి ఆగాక చదివినా నష్టం లేదు. ఈ అక్షరం మాత్రం దగ్గరికి రాకముందే కంటపడాలి.

కరీంనగర్ జనం లైసెన్సు కోసం తిమ్మాపూర్ ఆర్టీఏ ఆఫీసుకు పోతారు. అక్కడికి వచ్చే బండ్ల మీద ఈ ‘ఎల్’ చాలాసార్లు ఎర్ర టేపు ముక్కలు రెండు అతికించినదే అయి ఉంటుంది. దాని వెనక ఇంత లెక్క ఉందని అతికించినవాళ్లకు తెలియకపోవచ్చు. మన దేశంలో పరీక్ష పాసయ్యాక కొత్త డ్రైవరును కొంతకాలం కట్టడిలో ఉంచే ప్రొబేషన్ లైసెన్సు వేరుగా లేదు. కట్టడి అంతా ముందే, నేర్చుకునేవాళ్లకు ఇచ్చే ఎల్‌ఎల్‌ఆర్ చేతిలో ఉన్న రోజుల్లోనే. ఆ కొద్ది నెలల కోసం రాసిన నిబంధనలను ఒక్కొక్కటే దగ్గర పెట్టుకుని చూస్తే, రాసినవాళ్లు స్టీరింగు పట్టి రోడ్డు చూసినవాళ్లేనని నమ్మకం కుదురుతుంది.

మూడో నిబంధనలో నాకు బాగా నచ్చింది పక్క సీటు గురించిన షరతు. నేర్చుకునేవాళ్ల వెంట ఆ రకం బండికి లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. అక్కడితో ఆపినా ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ మనిషి బండిని అదుపు చేయగలిగే, ఆపగలిగే చోట కూర్చోవాలని కూడా రాశారు. కాబట్టి వెనక సీట్లో ఆనుకుని సలహాలు చెప్పే మామ ఎంత పాత డ్రైవరైనా ఈ లెక్కలోకి రాడు. డ్రైవింగ్ స్కూళ్లకు ఇదే ఆలోచనను 24వ నిబంధన ఇంకా గట్టిగా బిగించింది. మోటారు సైకిళ్లు తప్ప స్కూలు బండ్లన్నింటికీ రెండు వైపులా కంట్రోళ్లు ఉండాలి.

ఆ రెండో జత పెడళ్ల దగ్గర నేర్పేవాళ్ల పనితనం చూడాలి. నోరు ఆగదు: “క్లచ్ మెల్లగ ఇడువు... ఇంకా మెల్లగ... అద్దం జూడు.” కాళ్లు మాత్రం పెడళ్లకు అంగుళం పైన ఊరికే ఉంటాయి. తొందరపడి క్లచ్ తొక్కితే, ఇంజను చక్రాలను పట్టుకునే ఆ సన్నని చోటు ఎక్కడుందో నేర్చుకునేవాళ్ల పాదానికి ఎప్పటికీ తెలియదు. ఆలస్యమైతే ముందున్న ఆటోకు తగులుతుంది. ఒకటి రెండుసార్లు బండి కుదుపు తిని ఆగిపోనివ్వాలి, మూడోసారి ఆదుకోవాలి. తొక్కకుండా ఉండగలగడమే ఆ ఉద్యోగంలో కష్టమైన భాగం. బయటివాళ్ల కంటికి అది ఏ పనీ చేయనట్టే కనిపిస్తుంది.

బైకు దగ్గరికి వచ్చేసరికి మూడో నిబంధన తడబడింది. వెనక కూర్చున్న మనిషికి బ్రేకు అందదు, హ్యాండిల్ అందదు. అదుపు చేయగల చోటు అంటూ అక్కడ ఏముంది? అయినా ఒక మంచి పని చేశారు. బైకు నేర్చుకునేటప్పుడు నేర్పే మనిషిని తప్ప ఇంకెవరినీ ఎక్కించుకోకూడదన్నారు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన సాయంత్రమే దోస్తులిద్దరిని వెనకేసుకుని బయల్దేరే పిల్లలున్న మన ఊళ్లలో ఈ ఒక్క వాక్యం గట్టిగా అమలైనా చాలు.

వయసు సంగతి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. 50 సీసీ లోపు గేర్లు లేని బండికి 16 ఏళ్లు, అదీ పెద్దల ఒప్పుకోలుతో. మిగతావాటికి 18. ఇప్పుడు పిల్లలు బడికి తోలుకుపోయే స్కూటీల్లో చాలావరకు 100 సీసీ దాటినవే కనుక 16 ఏళ్ల వెసులుబాటు వాటికి వర్తించదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఈ విషయంలో భారం పెద్దల మీదే మోపింది. లైసెన్సు లేని మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా ఎల్‌ఎల్‌ఆర్ కూడా రాదు.

గడువుల కూర్పు చూడండి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. కానీ అది చేతికొచ్చి 30 రోజులు గడవనిదే పరీక్షకు రానివ్వరు. స్కూల్లో చేరితే కారుకు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగు పట్టిన సమయం పది గంటలకు తగ్గకూడదు. పది గంటలను రెండు ఆదివారాల్లో ముగించవచ్చు కదా అనిపిస్తుంది. అలా కుదరకుండా 21 రోజులు పెట్టారు. రాత్రి నిద్రపోయి పొద్దున మళ్లీ కూర్చుంటేనే చేతికీ కాలికీ పొత్తు కుదురుతుంది. ఫెయిలైనవాళ్ల గురించీ ఇలాగే ఆలోచించారు. ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి, స్కూల్లో దిద్దుబాటు శిక్షణ కూడా తీసుకోవాలి.

ఎల్‌ఎల్‌ఆర్ ఇచ్చే ముందు కంప్యూటర్ మీద పెట్టే పరీక్షలో మన రాష్ట్రంలో 20 ప్రశ్నలుంటాయి, 12 సరిగ్గా చెప్పాలి. ఏ విషయాలు అడగాలో 11వ నిబంధన చెబుతుంది: రోడ్డు గుర్తులు, నియమాలు, ప్రమాదం జరిగితే డ్రైవరు చేయవలసిన పనులు, కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు జాగ్రత్తలు, వెంట ఉంచుకోవలసిన కాగితాలు. రైలు పట్టాలకు వేరుగా చోటు ఇవ్వడం కాజీపేట–బల్లార్షా లైను పక్కన బతికే మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ జనానికి వింతగా అనిపించదు. కాపలా లేని గేటు దగ్గర ఏం చేయాలో 1988 మోటారు వాహనాల చట్టంలోని 131వ సెక్షన్ దృశ్యం కట్టినట్టు చెప్పింది. బండి ఆపాలి. క్లీనరో, కండక్టరో, బండిలో ఉన్న ఇంకెవరో దిగి పట్టాల దాకా నడిచి వెళ్లి రెండు వైపులా చూడాలి. రైలు గానీ ట్రాలీ గానీ రావడం లేదని తేల్చుకుని, ముందు నడుస్తూ బండిని దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగాలి. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో బడి పిల్లల బస్సును రైలు ఢీకొన్నది ఇలాంటి గేటు దగ్గరే. ఆ రోజుకు ఈ సెక్షన్ పుస్తకంలో పాతికేళ్లుగా ఉంది.

అన్నిటికన్నా గొప్ప పనితనం 15వ నిబంధనలో ఉంది. డ్రైవింగ్ పరీక్షలో ఏమేం చూడాలో పాతిక దాకా అంశాలుగా రాశారు. వెనక చూపే అద్దం సరిచేసుకోవడంతో అది మొదలవుతుంది. ఇంజను స్టార్ట్ చేసే ముందు తీసుకునే జాగ్రత్త రెండోది. ఆ తర్వాతే బండి కదులుతుంది. కదలక ముందే రెండు అంశాలు అయిపోయాయంటే మొదటి చూపు ఎక్కడ పడాలో వాళ్లకు తెలుసు. అద్దం ఆ జాబితాలో మళ్లీ మళ్లీ వస్తుంది: మలుపు దగ్గర, సిగ్నల్ ఇచ్చే ముందు, పక్కకు జరిగే ముందు, ఆపే ముందు. చెప్పిందే చెప్పడం చేతకాక చేసిన పని కాదది. అలవాటు పడేదాకా చెప్పక తప్పనిది అద్దమేనని తెలిసి చేసింది.

ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలంటుంది ఒక అంశం. హ్యాండ్ బ్రేకునైనా వాడవచ్చు, ఆక్సిలరేటరునూ కాలి బ్రేకునూ కలిపైనా వాడవచ్చు. దిగుడులో చప్పున కింది గేర్లకు మారాలంటుంది దానికి ముందున్న అంశం. చదునైన ఊళ్లో ఉన్నవాళ్లకు ఇవి పరీక్ష కోసం పెట్టిన తిప్పలుగా తోచవచ్చు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్, ఆసిఫాబాద్–ఉట్నూరు దారిలో కెరమెరి ఘాట్ దిగినవాళ్లకు వాటి విలువ తెలుసు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగుతూ పోతే అది వేడెక్కి పట్టు వదులుతుంది. కింది గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లు ఆ పట్టును చేజేతులా తెంపుకుంటున్నారు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. ఆ తర్వాత మన ప్రాంతంలో దిగుడు అన్న మాట మామూలుగా వినిపించదు. ఈ అంశాన్ని నేర్పే ప్రతి ఒక్కరూ తీరికగా, ఒకటికి నాలుగుసార్లు నేర్పాలని నా కోరిక.

జాబితా చివరకు వచ్చేసరికి చేతులూ కాళ్లూ అయిపోయి మనసు మొదలవుతుంది. పాదచారులు, సైకిళ్ల వాళ్లు, ఇతర డ్రైవర్లు ఏం చేయబోతున్నారో ముందే ఊహించాలి. ధ్యాస చెదరకూడదు. చివరి అంశం, తోటివాళ్ల పట్ల మర్యాద. గేరు మార్చడం పరీక్షించవచ్చు, మర్యాదను ఎట్లా పరీక్షిస్తారని అడగవచ్చు. ఆదిలాబాద్ రోడ్ల మీద అది ఇట్టే బయటపడుతుంది. పత్తి సీజన్‌లో మార్కెట్‌కు బారులు తీరిన బండ్లు, కంకులు ఆరబోసిన సగం రోడ్డు, పుష్యమాసంలో నాగోబా జాతరకు గోదావరి నీళ్లు తేవడానికి కాలినడకన పోయే మెస్రం వంశీయులు, కేస్లాపూర్ వైపు సాగే ఎడ్లబండ్లు. ఎద్దుల వెనక హారన్ మీద చేయి వేశారా, వేగం తగ్గించి ఆగారా? పక్కన కూర్చున్న ఎంవీఐకి (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు) అర నిమిషం చాలు.

ఇంత జాబితా ఉన్నా జనం నోట మిగిలింది ఒక్కటే: ‘ఎనిమిది’. బైకు మీద, కాలు కింద పెట్టకుండా అంకె ఆకారంలో తిరగాలి. 15వ నిబంధనలో ఆ అంకె లేదు. ఆఫీసుల ఆవరణలో గీసిన బాట అది. అయినా దాన్ని తక్కువ చేయను. వేగంగా పోతే బైకు తనంతట తానే నిలబడుతుంది. మెల్లగా పోతేనే మనిషి నిలబెట్టాలి. ఎడమ మలుపు ముగిసీ ముగియగానే కుడి మలుపు మొదలవుతుంది కనుక, ముందు చక్రం వైపు చూసేవాళ్లు గీత తొక్కుతారు. చూపు తర్వాతి వంపు మీద ఉన్నవాళ్లు దాటేస్తారు.

పాసైన రోజున ‘ఎల్’ తీసేస్తాం. ఆ మర్నాడు రాజీవ్ రహదారి మీద పాతికేళ్ల అనుభవం ఉన్న డ్రైవరుకూ ఈ కొత్త చేతికీ చట్టం దృష్టిలో తేడా ఉండదు. లారీల దగ్గర మాత్రం తేడా పాటించారు. కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండనిదే రవాణా బండి ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు, వయసు కూడా 20 నిండాలి. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో అశోక్ లేలాండ్‌తో కలిసి పెట్టిన శిక్షణ కేంద్రం పెద్ద బండ్ల పని నేర్పుతున్నది. కానీ కారు, బైకు నడిపేవాళ్లకు ఆ మొదటి ఏడాదిని ఎవరూ పట్టించుకోలేదు. తెలంగాణ 2017 ఆగస్టులో తెచ్చిన పాయింట్ల పద్ధతిలో 24 నెలల్లో 12 పాయింట్లు పడితే ఏడాది పాటు లైసెన్సు ఆపాలన్నారు. అదీ కొత్త పాత తేడా లేకుండా ఒకటే కొలత. బ్రిటన్‌లో 1995 నాటి చట్టం ప్రకారం పాసైన రెండేళ్లలో ఆరు పాయింట్లు పడితే లైసెన్సు రద్దు, మళ్లీ ఎల్ ప్లేటు నుంచి మొదలు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి దుబాయ్ పోయి బండి నడిపేవాళ్లకు అక్కడి సంగతి తెలిసిందే. 2017 జులై నుంచి కొత్త లైసెన్సు మొదట రెండేళ్లకే ఇస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది జపాన్ పద్ధతి. 1972 నుంచి అక్కడ కొత్త డ్రైవరు ఏడాది పాటు పసుపు, ఆకుపచ్చ రంగుల లేత ఆకు గుర్తును కారుకు ముందూ వెనకా పెట్టుకోవాలి. ఆ గుర్తున్న కారును పక్కకు నెట్టినా, దాని ముందుకు అడ్డంగా దూసుకువచ్చినా శిక్ష పడేది ఎదుటివాళ్లకు. మన మూడో నిబంధన ‘ఎల్’ ఎంత ఎత్తుండాలో సెంటీమీటర్లలో చెప్పింది కానీ, దాన్ని చూసినవాళ్లు ఏం చేయాలో చెప్పలేదు. కరీంనగర్ బస్టాండ్ ముందు బండి ఆగిపోయి చెమటలు కక్కుతున్న అమ్మాయి వెనక హారన్ మోగించేవాళ్లకు వర్తించే వాక్యం ఒకటి అక్కడ చేరాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న నిబంధన కింద ఇంకో గీత చాలు.