నెట్ లేని కంప్యూటర్‌కు మందు చేరేదెలా?

"మా కంప్యూటర్లకు ఇంటర్నెట్టే లేదండీ, ఇక వైరస్ ఎక్కడినుంచి వస్తుంది?" ఒక పల్లెటూరి పాఠశాలలో ఉపాధ్యాయుడొకరు నన్నడిగిన ప్రశ్న ఇది. వినడానికి సబబుగానే ఉంది. కాని దీనికి జవాబు 2010లోనే దొరికింది. ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం శుద్ధి కేంద్రం యంత్రాలకు బయటి ప్రపంచంతో సంబంధం లేదు. అయినా స్టక్స్‌నెట్ అనే వార్మ్ వాటిని దెబ్బతీసింది. పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకేలా తయారైన వార్మ్ అది.

2017 మే నెలలో వచ్చిన వన్నాక్రై కథ ఇంకా విచిత్రం. దాన్ని అడ్డుకునే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోని కంప్యూటర్లు బలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా వాటిలో ఉన్నాయి. ఈ వార్మ్ పని మొదలుపెట్టేముందు ఒక ఇంటర్నెట్ చిరునామాను పిలిచి చూస్తుంది. అక్కడినుంచి బదులు వస్తే ఆగిపోతుంది. నెట్ లేని గదిలో బదులిచ్చేదెవరు? కాబట్టి అక్కడ అది ఆగదు, ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకుతూనే ఉంటుంది.

అంటే నెట్ లేని కంప్యూటర్‌కూ అప్‌డేట్లు కావాలి. అయితే ఇక్కడొక చిక్కుంది. ఏయే అప్‌డేట్లు కావాలో తేల్చగలిగేది నెట్ లేని కంప్యూటర్. అవి దొరికేది నెట్ ఉన్న కంప్యూటర్‌లో. ఈ చిక్కును రెండు ఉచిత ఉపకరణాలు రెండు రకాలుగా విప్పాయి.

మొదటిది ఆప్ట్-ఆఫ్‌లైన్. డెబియన్, ఉబుంటు వంటి లినక్సుల కోసం భారతీయుడైన రితేష్ రాజ్ సరాఫ్ దీన్ని రాశారు. ఇది మందుల చీటీ పద్ధతి. నెట్ లేని కంప్యూటర్ తనకు కావలసినవాటి జాబితాను ఒక చిన్న ఫైలుగా రాసిస్తుంది. దాన్ని నెట్ ఉన్న చోటికి తీసుకెళ్తే, ఆ కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ అయినా సరే, చీటీలో ఉన్నవే దిగుమతి అవుతాయి. అనవసరమైన బరువు లేదు. వచ్చినవి అసలువా, నకిలీవా అని డిజిటల్ సంతకం ద్వారా పరీక్షించడం దీని గొప్ప సుగుణం. లోపం ఏమిటంటే రెండుసార్లు తిరగాలి. కొత్త మందులేవో తెలిపే పట్టిక కోసం ఒకసారి, మందుల కోసం మరోసారి. పైగా ఆదేశాలు టైపు చేయడం రానివారికి ఇది కొరుకుడుపడదు.

రెండోది డబ్ల్యూఎస్‌యూఎస్ ఆఫ్‌లైన్ అప్‌డేట్. జర్మనీలోని ఒక కంప్యూటర్ పత్రిక ద్వారా పుట్టిన ఇది విండోస్ కోసం. ఇది మందుల దుకాణాన్నే మూటగట్టి తెచ్చే పద్ధతి. విండోస్ రకాన్ని ఎంచుకుంటే దాని అప్‌డేట్లన్నీ దింపుకుంటుంది. తరువాత ఒక్కో కంప్యూటర్‌ను మైక్రోసాఫ్ట్ జాబితాతో పోల్చి, లేనివి మాత్రమే వేస్తుంది. ఒక్క మూటతో ల్యాబ్ అంతటికీ పని జరుగుతుంది. కాని ఆ మూట గిగాబైట్ల కొద్దీ ఉంటుంది. డ్రైవర్లు ఇందులో రావు. విండోస్ 10 నుంచి ప్రతినెలా వచ్చే అప్‌డేట్‌లోనే పాతవన్నీ కలిసి వస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ కేటలాగ్ నుంచి ఆ ఫైలును నేరుగా దింపుకోవచ్చు కనుక ఈ ఉపకరణం అవసరం కొంత తగ్గింది.

ఇలాంటిదే అయిన ఆటోప్యాచర్‌కు 2007లో మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పింది. అది అప్‌డేట్ ఫైళ్లను తానే పంచిపెట్టేది. చాలామంది అప్పట్లో మైక్రోసాఫ్ట్‌ను తిట్టుకున్నారు. కాని మందు ఎవరి చేతినుంచి వస్తోందన్నది చిన్న విషయం కాదు. పైన చెప్పిన రెండూ అసలు సర్వర్లనుంచే దింపుతాయి. కాబట్టే వాటిని నమ్మవచ్చు. ఇంకెవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన అప్‌డేట్‌ను నమ్మకూడదు.

నా తూకంలో ఆప్ట్-ఆఫ్‌లైన్‌దే పైచేయి. తనకేం కావాలో రోగి చేతే చెప్పించడం మంచి వైద్యం. అయితే ఏ ఉపకరణమైనా మందును మోయగలదే కాని తయారుచేయలేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కళాశాల ల్యాబ్‌లోని కంప్యూటర్లు ఏ కాలానివో, వాటికి చివరిసారి అప్‌డేట్ ఎప్పుడు వేశారో రేపే అడిగి చూడండి. జవాబు ఎవరికీ తెలియకపోతే, ఆ పని మీరే మొదలుపెట్టవచ్చు.