వెతుకు పెట్టెలో శివ్వంపేట

మెదక్ జిల్లాలోని మండల కేంద్రం శివ్వంపేటకు తెలుగు వికీపీడియాలో ఒక పేజీ ఉంది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో మన ఊళ్ళకు పేజీలు తెరిచి, 2011 జనగణన వివరాలతో నింపింది జీతభత్యాలు లేని ఔత్సాహికులే. వాళ్ళ శ్రమను అప్పుడప్పుడైనా తలుచుకుంటాం. ఆ రాతను తెర మీద పరిచే పొర మాత్రం ఎవరి మెప్పుకూ నోచుకోదు. నేను దగ్గరగా చూసిన సాఫ్ట్‌వేర్‌లో ఇంత శ్రద్ధ కనిపించిన చోట్లు తక్కువ. అందుకే ఈ పరిచయం.

వికీపీడియా వెనక ఉన్నది పీహెచ్‌పీలో రాసిన మీడియావికీ. అది పేజీని సర్వర్ దగ్గరే పూర్తి హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి పంపుతుంది. జావాస్క్రిప్ట్ రాకపోయినా వ్యాసం చదువుకోవచ్చు. బ్రౌజర్ మరీ పాతదైతే ఆ సంగతి ముందే పసిగట్టి, అదనపు హంగులు పంపడం మానేస్తుంది. మెనూలు, పెట్టెలు, సలహాల జాబితాల వంటి కదిలే భాగాలకు చాలా ఏళ్ళు జేక్వెరీ, ఆ తర్వాత సొంతంగా తయారుచేసుకున్న ఓఓయూఐ వాడారు. వాటి కాలం తీరిపోతోందని గుర్తించి, 2020లో కొత్త టూల్‌కిట్ ఎంచుకున్నారు. బరిలో ప్రధానంగా నిలిచినవి రెండు: ఫేస్‌బుక్ 2013లో బయటికి ఇచ్చిన రియాక్ట్, ఇవాన్ యూ 2014లో విడుదల చేసిన వ్యూ.

హైదరాబాదు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు వెతుక్కునే కుర్రవాడు దేనికి ఉద్యోగాలు ఎక్కువని అడుగుతాడు. అతనికి అది సరైన ప్రశ్నే. ఆ లెక్కన రియాక్ట్ గెలవాలి. దాని లైసెన్సులో పేటెంట్ల షరతు మీద రేగిన గొడవ కూడా 2017లో ఎంఐటీ లైసెన్సుకు మారడంతో ముగిసింది. అయినా వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వ్యూ వైపు మొగ్గింది. నాకు ఆ తీర్పు నచ్చింది, ఎందుకంటే వాళ్ళు గుంపును కాకుండా తమ ఇంటిని చూసుకున్నారు. మీడియావికీలో స్క్రిప్టులను మూటగట్టి పంపే పని 2011 నుంచీ రిసోర్స్‌లోడర్‌ది. రియాక్ట్‌తో దాదాపు అందరూ రాసే జేఎస్‌ఎక్స్ అనే రాతను బ్రౌజర్‌కు చేరేలోపే మామూలు జావాస్క్రిప్ట్‌గా మార్చాలి. అంటే మధ్యలో మరో కర్మాగారం పెట్టుకోవాలి. వ్యూ టెంప్లేటు హెచ్‌టీఎంఎల్ లాగే ఉంటుంది, బ్రౌజర్‌లోనే అర్థం చేసుకోవచ్చు. పేజీలో ఒక మూలకు మాత్రమే తగిలించి, మిగతాదంతా ముట్టుకోకుండా వదిలేయవచ్చు. వ్యూ ఫైళ్ళను చదవడం రిసోర్స్‌లోడర్‌కే నేర్పారు. దీనికి ఖరీదు లేకపోలేదు: టెంప్లేటును విప్పే బరువు పాఠకుడి ఫోను మీద పడుతుంది. అందుకే వ్యూను ఎప్పుడు పిలవాలన్నది పెద్ద విషయమైంది.

ఆ జాగ్రత్త వెతుకు పెట్టెలో కనిపిస్తుంది. పేజీతో పాటు వచ్చేది ఒట్టి హెచ్‌టీఎంఎల్ ఫారం. పేరు రాసి ఎంటర్ నొక్కితే చాలు, అది ఏ స్క్రిప్టూ లేకుండానే పని చేస్తుంది. మీరు పెట్టెలో వేలు పెట్టాకే వ్యూ కబురు అందుకుని బయల్దేరుతుంది. అది వచ్చేలోపు మీరు టైపు చేసింది పోదు. వచ్చాక పెట్టె ఎగిరి పక్కకు జరగదు, ఎందుకంటే వాళ్ళ డిజైన్ వ్యవస్థ కోడెక్స్‌లో చాలా భాగాలకు సీఎస్‌ఎస్ మాత్రమే వాడే రూపం కూడా ఉంది. ముందు కనిపించినదీ తర్వాత పని చేసేదీ ఒకే కొలతలో ఉంటాయి. పెట్టె జోలికి రాని పాఠకుడి మీద ఆ బరువు అసలు పడదు.

ఇక లిపి సంగతి. ‘శివ్వంపేట’ కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో తొమ్మిది సంకేతాలు: శ, గుడి, వ, పొల్లు, వ, సున్న, ప, ఏత్వం, ట. సలహాల జాబితాలో మీరు టైపు చేసిన మేరకు ఒక మందంలో, మిగతాది మరో మందంలో చూపాలంటే పేరును మధ్యలో రెండు ముక్కలు చేయాలి. లిపి తెలియని చేతిలో శ ఒక పక్కన, గుడి ఇంకో పక్కన పడతాయి. కోడెక్స్‌లో దీనికి ఒక నియమం రాశారు: కోసే చోట వెనకే వచ్చే గుర్తులన్నీ ముందున్న అక్షరంతోనే ఉండాలి. ‘శివ’ వరకు టైపు చేసి ఆపితే ఆ నియమమూ చాలదు. పొల్లు దాకా కలిసొస్తుంది గానీ, వత్తు కావలసిన రెండో వ హల్లే గనక అవతలి ముక్కలో ఉండిపోతుంది. దీనికీ సమాధానం ఉంది. వికీపీడియా డెస్క్‌టాప్ రూపమైన వెక్టర్‌లో ఒక చిన్న ప్రమేయం, ఫలానా భాషలో పదాన్ని విడదీయడం క్షేమమేనా అని ముందే తేలుస్తుంది. క్షేమమన్న భాషల్లోనే మందాల తేడా చూపిస్తారు. మిగతా భాషల్లో పేరు చెక్కు చెదరకుండా ఉంటుంది.

మన దగ్గర సర్కారు పోర్టల్‌కో బ్యాంకు యాప్‌కో టూల్‌కిట్ ఎంచుకునే బృందాలు నమూనా తెరను ఇంగ్లీషు మాటలతో నింపి చూసుకుంటే ఈ చిక్కు ఒక్కటీ బయటపడదు. శివ్వంపేటతో పాటు దాని చుట్టుపక్కల తూప్రాన్, నర్సాపూర్, ఎల్దుర్తి పేర్లన్నిట్లో వత్తులున్నాయి. మొదటి రోజు పరీక్షకు ఆ నాలుగు చాలు. ఫోను మాత్రం తక్కువ ధరది తీసుకోవాలి.